చివరి వారంలో కాగితాలు తెచ్చేవారి దగ్గర ఆడిటర్లు రెట్టింపు ఫీజు తీసుకోవడం న్యాయమేనా?

పద్దుల రామం (గుంటూరు):
నేను గుంటూరులో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే పని చేస్తున్నాను. 2025లో ప్రభుత్వం గడువును జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కు పొడిగించి, చివర్లో మరొక రోజు కూడా ఇచ్చింది. నెలన్నర అదనంగా దొరికినా, నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది సెప్టెంబర్ రెండో వారంలోనే వచ్చారు. ఫారం 16 (జీతం, దాని మీద కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం) పీడీఎఫ్ పంపమంటే కంప్యూటరు తెరను ఫోనుతో ఫొటో తీసి పంపుతారు, ఇంటి అద్దె మినహాయింపు రాసిన వరుస మీదే సరిగ్గా చేతి నీడ పడి ఉంటుంది. అక్కడున్నది 96 వేలా, 66 వేలా అని అడిగితే ‘మీరే చూసి వేయండి’ అని జవాబు వస్తుంది. షేర్ల లాభం వివరాలు అడిగితే యాప్‌లో మొత్తం లాభం కనిపించే తెర ఒక్కటి పంపుతారు. 2024 జూలై 23కు ముందు అమ్మినవాటికి ఒక రేటు, ఆ రోజు నుంచి అమ్మినవాటికి మరొక రేటు ఉన్నప్పుడు, తేదీలు లేని ఆ మొత్తంతో లెక్క ఎలా కట్టగలను? వచ్చే ఏడాది నుంచి చివరి వారంలో కాగితాలు ఇచ్చేవారికి ఫీజు రెట్టింపు చేయాలనుకుంటున్నాను. సభ్యులు తమ అభిప్రాయం చెప్పండి.

కొత్తపేట కన్సల్టెంట్:
పూర్తిగా న్యాయం. నేను ఇప్పటికే తీసుకుంటున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు (ఖమ్మం):
రామం గారూ, గడువు పెంచింది మా కాగితాల కోసం కాదు. 2025లో ఫారాలలో మార్పులు ఎక్కువగా జరిగి, వాటిని నింపే సాఫ్ట్‌వేర్ (యుటిలిటీలు) రావడం ఆలస్యమైంది కాబట్టి పెంచారు. మే నెలాఖరు దాకా ఏ ఫారానికీ, కొన్నింటికి జూలై దాకా మీ దగ్గరే పనిముట్టు లేనప్పుడు మేము ఏప్రిల్‌లో కాగితాలు తెచ్చి ఏం చేసేవాళ్లం? పైగా ఏయే కాగితాలు కావాలో మీలో ఎంతమంది ముందుగా పట్టిక రాసి ఇస్తున్నారు?

నా సంగతి చెబుతాను. వేతన సవరణ బకాయిలు వచ్చిన సంవత్సరం, ఏ ఏడాదికి ఎంత చెందుతుందో తెలిపే పట్టికను డీడీఓ (జీతాల బిల్లులు చేసే అధికారి) సంతకంతో సహా ఫైలులో పెట్టి, మే నెలలోనే మా ఆడిటరు చేతికి ఇచ్చాను. ఆయన రిటర్నులో, బకాయిల మీద పన్ను భారం తగ్గించే సెక్షన్ 89 ఉపశమనం చూపించారు కానీ, దానికంటే ముందు దాఖలు చేయవలసిన ఫారం 10ఇ వేయనే లేదు. ఉపశమనం తిరస్కరించారు, పన్ను వడ్డీతో సహా కట్టాను. కాగితాలు సకాలంలో, సక్రమంగా ఇచ్చిన నాకు ఆయన ఫీజు సగం తగ్గించారా?

పద్దుల రామం:
మాష్టారూ, మీకు జరిగినది అన్యాయమే, కాదనను. అయితే ఒక ఆడిటరు పొరపాటు చేశారని మిగతావారంతా నీడ పడిన ఫొటోలు చూసి అంకెలు ఊహించాలా? గడువు దాటితే సెక్షన్ 234ఎఫ్ కింద 5,000 రూపాయలు, ఆదాయం 5 లక్షల లోపు ఉంటే 1,000 రూపాయలు ప్రభుత్వానికి మాట్లాడకుండా కడతారు. ఆ జరిమానా పడకుండా రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నవాడు 500 ఎక్కువ అడిగితే మాత్రం అన్యాయమంటారు.

మాదాపూర్ ఉద్యోగిని:
నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. కాగితాలన్నీ వర్గాలవారీగా సర్దే సమయమూ, ఆ పరిజ్ఞానమూ నాకు ఉంటే రిటర్ను నేనే వేసుకునేదాన్ని. నా జీతం, బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు అన్నీ ఏఐఎస్‌లో (పన్ను శాఖ పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదికలో) ఉంటాయి. నా పాస్‌వర్డ్ కూడా ఆడిటరు గారి దగ్గరే ఉంది. చూసి వేయవలసినవన్నీ చూడగలిగిన మనిషి నన్ను మళ్లీ మళ్లీ కాగితాలు ఎందుకు అడుగుతారో నాకు నిజంగా అర్థం కావడం లేదు.

పద్దుల రామం:
అమ్మా, మీ ఇంటి అద్దె ఏఐఎస్‌లో ఉండదు. అద్దె ఏడాదికి లక్ష దాటితే యజమాని పాన్ కావాలి, అదీ నేను మిమ్మల్నే అడగాలి. 2025లో, మినహాయింపులు ఉండే పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆరోగ్య బీమా పాలసీ నంబరు, గృహరుణం ఖాతా నంబరు కూడా ఫారంలోనే నింపమన్నారు. స్థలం అమ్మితే అమ్మకం విలువ ఏఐఎస్‌లో కనిపిస్తుంది. ఎంతకు కొన్నారో, ఎప్పుడు కొన్నారో పాత దస్తావేజు తీస్తేగానీ తెలియదు. ఆ ధర లేకుండా లెక్క కడితే అమ్మిన సొమ్మంతా లాభం కిందే వస్తుంది. రిటర్నుతో పాటు ఏ కాగితమూ జతచేయనక్కర లేదు, నిజమే. అయితే దాని అర్థం కాగితం ఉండనక్కర లేదని కాదు. రేపు నోటీసు వస్తే చూపించవలసింది అదే కాగితం.

కొత్తపేట కన్సల్టెంట్:
అసలు బాధ ఆలస్యం కాదు, కాగితాలను ఏరి ఇవ్వడం. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారు రెండో కంపెనీ ఫారం 16 మాత్రమే ఇస్తారు. రెండు కంపెనీలూ, జీతంలో నేరుగా తీసేసే స్టాండర్డ్ డిడక్షన్‌నూ, కింది శ్లాబుల లాభాన్నీ విడివిడిగా లెక్కించి టీడీఎస్ (జీతంలో ముందే కోసే పన్ను) తగ్గించి ఉంటాయి. రెండు జీతాలు కలిపితే పన్ను కట్టవలసి వస్తుంది. ఆ విషయం తెలిసే మొదటి ఫారం దాచిపెడతారు. పట్టుకుని అడిగితే, రిఫండు తెప్పించలేని ఆడిటరు ఎందుకు అంటారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఆ ఆశ పెట్టినది ఎవరు? ‘మీకు ఎంత రిఫండు కావాలి’ అని అడిగి, వచ్చిన రిఫండులో వాటా తీసుకునేవారు మీ వృత్తిలో లేరా? ఇవ్వని విరాళాన్ని రాజకీయ పార్టీకి ఇచ్చినట్టు 80జీజీసీ కింద చూపించినది ఉపాధ్యాయులు కాదు. ఇలాంటి దొంగ మినహాయింపుల మీద 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా తనిఖీలు చేసింది. రిటర్నులు తయారుచేసి ఇచ్చేవారిని కూడా వదలలేదు. ఆదాయాన్ని తప్పుగా చూపితే 270ఎ కింద జరిమానా ఎగవేసిన పన్నుకు రెండింతలు. దాన్ని కట్టేది మాత్రం ఏమీ తెలియని ఉద్యోగి.

కొత్తపేట కన్సల్టెంట్:
ఏమీ తెలియదా? ఇవ్వని విరాళానికి వచ్చిన రిఫండు తన ఖాతాలో పడినప్పుడు కూడా తెలియదా? నాలుగు వేలు తక్కువ వచ్చిందని నన్ను వదిలి వెళ్లినవారు మళ్లీ నోటీసు పట్టుకుని నా దగ్గరికే వచ్చారు. వారిని అమాయకులనడం నాకు నచ్చదు.

నిర్వాహకుడు:
సభ్యులు ఒకరి వృత్తిని ఒకరు నిందించుకోవద్దు. ఫీజు విషయానికి రండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
నిర్వాహకుల మాట మన్నిస్తాను, కానీ ఫీజు విషయం దీనితోనే ముడిపడి ఉంది. నా ఉపశమనాన్ని తిరస్కరించిన ఇంటిమేషన్ (రిటర్ను పరిశీలించాక శాఖ పంపే ఉత్తరం) సంగతి నాకు ఎనిమిది నెలల దాకా తెలియలేదు. ఎందుకంటే నా పాన్ మీద ఉన్న ఖాతాలో మొబైల్ నంబరు ఆయనది, ఈమెయిల్ ఆయనది, పాస్‌వర్డ్ కూడా ఆయనకే తెలుసు. బాకీని తరువాతి ఏడాది రిఫండులో సర్దుబాటు చేసుకున్నాకగానీ సంగతి బయటపడలేదు. నా రిటర్నును నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. మనిషికి తన లెక్కలోకి ప్రవేశమే లేకుండా చేసి, కాగితాల విషయంలో బాధ్యత లేదని అతన్నే తప్పుపడితే ఎలా?

పద్దుల రామం:
నా నంబరు నేను ఇష్టపడి పెట్టుకోవడం లేదు, మాష్టారూ. పోర్టల్ నుంచి ఓటీపీ వస్తే కాసేపట్లోనే చెప్పాలి. ఫోను చేస్తే బస్సులో ఉన్నామంటారు, సాయంత్రం చేస్తే ఎత్తరు. రిటర్ను వేశాక 30 రోజుల్లో ధ్రువీకరించకపోతే, ధ్రువీకరించిన రోజే వేసినట్టు లెక్క, అది గడువు దాటితే ఆలస్యమే. ఆ మాట కూడా నేనే పడాలి. క్లయింటు ఈమెయిల్ పెడితే శాఖ నుంచి వచ్చిన ఉత్తరాన్ని తెరవరు. తెరవనందుకు పన్ను పడితే, ఆడిటరు మాకు చెప్పలేదంటారు. రిటర్ను ఎవరిదో మరచిపోయినది క్లయింట్లే.

మాదాపూర్ ఉద్యోగిని:
దీన్ని మాత్రం ఒప్పుకోలేను. నా రిటర్ను దాఖలు చేసే ముందు లెక్క చూపించమని రెండు సార్లు అడిగాను. ఇప్పుడు సమయం లేదు, వేశాక పంపుతామన్నారు. నేను చూడకుండానే నా పేరు మీద ధ్రువీకరణ కూడా అయిపోయింది. అప్పటి నుంచే నాకు కాగితాల మీద శ్రద్ధ తగ్గింది. ఎలాగూ చూడనివ్వని లెక్క కోసం ఒక్కో రసీదూ వెతికి ఎందుకు పంపాలి?

పద్దుల రామం:
అమ్మా, మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. చూపించకుండా దాఖలు చేయడం నేను సమర్థించను. పోర్టల్‌లో ప్రధాన సంప్రదింపు వివరాలతో పాటు రెండవ సంప్రదింపు వివరాలు ఇచ్చే వీలుంది. ప్రధానంగా క్లయింటు నంబరు, ఈమెయిల్ పెట్టి, రెండవ చోట నావి ఉంచితే ఉత్తరం ఇద్దరికీ చేరుతుంది. పాస్‌వర్డ్ వారి దగ్గరే ఉండవచ్చు. వచ్చే ఏప్రిల్ నుంచి అలాగే చేస్తాను, కావలసిన కాగితాల పట్టికను కూడా అప్పుడే పంపిస్తాను. ఇంత చేశాక కూడా చివరి వారంలో ఫొటోలు పంపేవారికి మాత్రం రెట్టింపే.

కొత్తపేట కన్సల్టెంట్:
నేను పాస్‌వర్డ్ వదులుకోలేను. సీజనులో వందల రిటర్నులు ఉంటాయి. ఒక్కొక్కరికీ లెక్క చూపించి, సందేహాలు తీర్చి, వారి ఓటీపీ కోసం ఎదురుచూస్తే 500 రూపాయల ఫీజుకు ఆ పని గిట్టదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
అయితే గిట్టే ఫీజునే మొదటి నుంచి అడగండి. కాగితాలు చూసి, లెక్క కట్టి, దాఖలుకు రెండు రోజుల ముందు నాకు చూపించి, ఇంటిమేషన్ వచ్చాక దాన్ని సరిపోల్చే పనికి 1,500 అడిగినా ఏప్రిల్‌లోనే ఇస్తాను. ఆలస్యానికి జరిమానాగా అడిగితే మాత్రం ఇవ్వను.

పద్దుల రామం:
మీరు ఇస్తారు, మాష్టారూ. మా వీధిలో ఫోను చూపిస్తే చాలు, 300 రూపాయలకు రిటర్ను వేసిచ్చేవారు ఉన్నారు. 1,500 అన్న మాట వినగానే నా క్లయింట్లలో సగం మంది అక్కడికి వెళతారు. వారిని ఆపే మార్గం మీకు తెలిస్తే చెప్పండి, రెట్టింపు మాట ఈ రోజే వదిలేస్తాను.