చర్చిల్ రేవు మీద జనం సొమ్ము పెట్టడం దండగేనా?

ఎర్రనది: కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న చర్చిల్ రేవును ఏడాది పొడవునా నడపాలని, ఐస్‌బ్రేకర్లు (మంచు పగలగొట్టే ఓడలు) తేవాలని మళ్లీ చర్చ మొదలైంది. ఊళ్లో వెయ్యి మంది కూడా లేరు. ఓడలు తిరిగేది జులై నుంచి అక్టోబరు చివరి దాకానే. 1997లో ప్రైవేటుకు అమ్మారు. 2012లో గోధుమ బోర్డు (రైతుల గోధుమలు అమ్మిపెట్టే సంస్థ) గుత్తాధిపత్యం పోయాక ధాన్యం రావడం తగ్గింది. 2016లో రేవు మూతపడింది. ఇంకా ఎంత పోయాలి?

మంచుదారి: మీరు రేవును ధాన్యం లెక్కతోనే చూస్తున్నారు. అక్కడికి రోడ్డు లేదండీ. 2017 మేలో వరదకు రైలు కట్ట చాలాచోట్ల కొట్టుకుపోతే అప్పటి యాజమాన్యం బాగుచేయడం గిట్టుబాటు కాదంది. 2018 అక్టోబరు చివరిదాకా రైలు రాలేదు. పాలు, కూరగాయలు విమానంలో దిగాయి, ధరలు మండిపోయాయి. ఇళ్లు వెచ్చగా ఉండటానికి కావాల్సిన ప్రొపేన్‌ను సముద్రం గడ్డకట్టేలోపు ఓడలో తెచ్చి నిల్వ చేసుకోవాల్సి వచ్చింది. ఆ చలికాలం గ్యాస్ లేకపోతే ఊరే ఖాళీ చేయాలి. దీన్ని లాభనష్టాల పట్టీలో ఏ గడిలో రాస్తారు?

ఎర్రనది: ఊరి కష్టం కాదనను. కానీ అదే అఖాతం ఒడ్డున ఇంకా ఉత్తరాన ఉన్న అర్వియాట్, రాంకిన్ ఇన్‌లెట్ ఊళ్లకు మాంట్రియల్ వైపు నుంచి కూడా వేసవిలో సరుకు ఓడలు వెళ్తాయి కదా?

మంచుదారి: వెళ్తాయి, తూర్పు తీరంలోని లాబ్రడార్ మొత్తం చుట్టుకుని. చర్చిల్ నుంచైతే అదే అఖాతంలో పైకి వెళ్తే చాలు. ఆ ఊళ్లకూ రోడ్డు లేదు. సిమెంటు, కలప, డీజిల్, ట్రక్కులు, అన్నీ ఆ కొద్ది నెలల్లోనే దిగాలి. ఓడ తప్పితే కట్టాల్సిన ఇల్లు మరుసటి వేసవికే.

అలాగని నేను ఐస్‌బ్రేకర్ల పక్షం కాదు. ముందు రైలు కట్ట సంగతి చూడాలి. దక్షిణాన ద పాస్ అనే ఊరి నుంచి వచ్చే ఆ లైను 1929లో పూర్తయింది. అది చిత్తడి నేల మీద, లోపల గడ్డకట్టిన మట్టి మీద నిలబడి ఉంది. మట్టి కరిగితే పట్టాలు కుంగుతాయి, బండి నెమ్మదిగా పోవాలి. ఇక చమురు ఎగుమతి మాట వస్తే గట్టిగా వద్దంటాను. ఏటా వేసవిలో వేల బెలూగా తిమింగలాలు చర్చిల్ నది ముఖద్వారంలోకి వస్తాయి, చమురు ఒలికితే వాటికే ముప్పు.

రేవును, రైలు లైనును 2018లో కొన్నవాళ్లలో అక్కడి ఆదివాసీ సమాజాలు, మునిసిపాలిటీలు ఉన్నాయి. 2021 నుంచి యాజమాన్యం పూర్తిగా వాళ్లదే. ఏ సరుకు ముందు ఎక్కాలో వాళ్లనే తేల్చనివ్వండి. డబ్బు మాత్రం ముందు కట్టకే వెళ్లాలి.