పెరినియోమీటర్‌లో 40, వేలికి గ్రేడ్ 2: ఏది రాయాలి?

పీటీ_ఫైనలియర్:
దగ్గితే మూత్రం కారే పేషెంటు. యోనిలో వేలు పెట్టి కటితల కండరాన్ని (మూత్రాశయాన్ని కింది నుంచి మోసేది) బిగించమంటే, బలానికి 0 నుంచి 5 వరకు గ్రేడు ఇచ్చే మాడిఫైడ్ ఆక్స్‌ఫర్డ్ స్కేలులో 2 మాత్రమే. పెరినియోమీటర్ (బిగింపు పీడనం కొలిచే మిషన్) బెలూన్ ప్రోబ్ పెట్టి బిగించమంటే 40 సెంటీమీటర్ల నీటి పీడనం చూపిస్తోంది. కేసు షీటులో కండరం బలహీనం అని రాయాలా, బాగుందనా?

కటితలం:
ఆ మిషన్ కొలిచేది పీడనాన్ని. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికి తెలియదు. ఊపిరి బిగబట్టి ముక్కినా పొట్టలోని ఒత్తిడి బెలూన్ మీద పడి అంకె లేస్తుంది. కాబట్టి ముందు స్క్రీన్ కాదు, ప్రోబ్ బయటి కొసను చూడండి. బిగింపు సరైనదైతే ప్రోబ్, పెరీనియం (యోనికీ మలద్వారానికీ మధ్య భాగం) రెండూ లోపలికి కదులుతాయి. బయటికి నెట్టుకొస్తే ఆ రీడింగు కొట్టేయడమే.

రెండో చెయ్యి పొట్ట మీద ఉంచండి. పొత్తికడుపు లోపలికి కాస్త బిగుసుకోవడం మామూలే, దానికి అభ్యంతరం చెప్పొద్దు. నడుము కదలడం, పిరుదులు లేవడం, తొడలు దగ్గరికి నొక్కడం మాత్రం ఆపించాలి. 1991లో 47 మంది స్త్రీలపై చేసిన అధ్యయనంలో, నోటిమాటగా చెప్తే సరిగ్గా బిగించినవాళ్లు సుమారు సగమే. నాలుగో వంతు మంది చేసిన పని మూత్రం కారడాన్ని పెంచే తరహాది.

ప్రోబ్_పట్టినచెయ్యి:
ఇంకో రెండు చూడండి. బెలూన్ మధ్యభాగం యోని ముఖద్వారానికి 3.5 సెం.మీ. లోపల ఉండాలి. మరీ లోపలికి పోతే పొట్ట ఒత్తిడే ఎక్కువగా అందుతుంది. లోపల పెట్టాక వదులుగా ఉన్నప్పటి పీడనాన్ని విడిగా రాసి, బిగింపు అంకెలోంచి తీసేయాలి. మీ 40లో అది కూడా కలిసిందేమో! రెండు కంపెనీల మిషన్ల అంకెలను, పడుకుని తీసినదాన్నీ నిలబడి తీసినదాన్నీ పోల్చొద్దు.

పీటీ_ఫైనలియర్:
మళ్లీ చూస్తే ప్రోబ్ బయటికే వస్తోంది. ఊపిరి వదులుతూ బిగించమన్నాక లోపలికి కదిలింది. విశ్రాంతి పీడనం తీసేస్తే 11. అంటే 2 రాసేయొచ్చా?

కటితలం:
ఒక్క 2తో వ్యాయామం రాయలేరు కదా. మూత్రాశయం ఖాళీ చేయించి, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెట్టి, అంగీకారం, లేటెక్స్ అలర్జీ అడిగి, జెల్‌తో చూపుడువేలు పెట్టండి. గడియారంలో 4, 8 గంటల దిక్కున ఎడమా కుడీ విడివిడిగా తడమండి. ఫోర్సెప్స్ కాన్పు తర్వాత ఒకవైపు కండరం ఎముక నుంచి ఊడి ఉండొచ్చు, అప్పుడు రెండువైపులా కలిపి ఇచ్చిన గ్రేడు మోసం చేస్తుంది. అనుమానం ఉంటే ట్రాన్స్‌పెరీనియల్ అల్ట్రాసౌండ్ చేయించాలి.

బలం సడలకుండా ఎన్ని సెకన్లు పట్టి ఉంచగలదో చూడండి, 10 చాలు. తర్వాత మధ్యలో 4 సెకన్ల విరామంతో అదే బిగింపు ఎన్నిసార్లు వస్తుందో. ఒక నిమిషం ఆగి, సెకనుకు ఒకటిగా వేగంగా ఎన్ని. గ్రేడు, సెకన్లు, ఎన్నిసార్లు, వేగపువి ఎన్ని అన్న వరసలో 2/3/4/6 అని వచ్చిందనుకోండి: 3 సెకన్ల చొప్పున 4 సార్లు, తర్వాత 6 వేగపు బిగింపులు. ఇంటికి ఇచ్చే మొదటి డోసు అదే.

వదులు_ముఖ్యం:
అందరూ బిగింపు గురించే మాట్లాడుతున్నారు! వదలడం కూడా రాయాలి: పూర్తిగా, కొంత, అసలు లేదు. ముందే గట్టిపడి ఉన్న కండరానికి ఇంకా బిగుసుకునే చోటుండదు, వేలికి అది కూడా 2గానే తగులుతుంది. వేలు పెట్టగానే నొప్పి, విశ్రాంతిలోనే ఎక్కువ పీడనం ఉంటే అనుమానించండి. అలాంటివాళ్లకు బిగింపు వ్యాయామం ఇస్తే నొప్పి పెరుగుతుంది. ముందు వదలడం నేర్పాలి.

ఇంకోటి, గట్టిగా దగ్గమని చూడండి. చెప్పకుండానే కండరం బిగుసుకుందా, పెరీనియం కిందికి జారిందా అన్నది షీటులో వేరే లైనులో పడాలి. ఈవిడ కంప్లయింటు దగ్గినప్పటిదే కదా.