ఫోన్ బదులు సబ్బు వచ్చింది: కన్స్యూమర్ కమిషన్‌లో ఎవరి మీద వేయాలి?

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో ₹18,499 ఫోన్‌కి ఆర్డరు పెడితే పెట్టెలో సబ్బు బిళ్ళలొచ్చాయి. అన్‌బాక్సింగ్ వీడియో, ఇన్‌వాయిస్, లేబుల్ మీద బరువు (ఫోన్ బరువుకి సరిపోలడం లేదు, అదే అసలు పట్టు) ఉన్నాయి. "సెల్లర్ ఒప్పుకోలేదు" అని రిటర్న్ కొట్టేశారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ నెలా దాటింది. జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెప్పినా కంపెనీది అదే పాత జవాబు.

5 లక్షల లోపు ఫీజు లేదు, మా జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల గడువుంది. అంతవరకు తెలుసు. సెల్లర్‌ది వేరే రాష్ట్రం, ఇన్‌వాయిస్‌లో అడ్రసు సగమే. మార్కెట్‌ప్లేస్‌ని మొదటి ప్రతివాదిగా పెట్టొచ్చా? సెల్లర్‌కి నోటీసు తిరిగొస్తే కేసు ఆగిపోతుందా? వీడియోకి సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం కింద ఇచ్చే ధ్రువీకరణ) అడుగుతున్నారా? స్వయంగా వాదించుకున్నవాళ్లు చెప్పండి.