16 టీబీ రెయిడ్ నుంచి బూట్ అవ్వాలంటే యూఈఎఫ్ఐ తప్పదా?

నమస్కారం. చెన్నై అంబత్తూరులో ఓ చిన్న డిజైన్ ఆఫీసులో సర్వర్లు చూసుకుంటాను. కొత్త సర్వర్‌లో 4 టీబీ డిస్కులు ఆరింటితో హార్డ్‌వేర్ రెయిడ్ 6 (రెండు డిస్కులు పాడైనా డేటా నిలిచేలా డిస్కులన్నిటినీ కలిపే పద్ధతి) కట్టాను. 16 టీబీ ఒకే డిస్కుగా కనిపిస్తోంది. వెండర్ మనిషి బూట్ మోడ్‌ను కొత్త పద్ధతి యూఈఎఫ్ఐకి మార్చకుండా పాత లెగసీ బయాస్‌లోనే వదిలేసి వెళ్లాడు. డెబియన్ లినక్స్ ఇన్‌స్టాల్ సాఫీగా సాగి, తీరా గ్రబ్ (ఓఎస్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) దగ్గర ఆగిపోతోంది. పార్టిషన్లు నేనే విడిగా చేశాను.

512 బైట్ల సెక్టార్లతో ఎంబీఆర్ (పాత రకం పార్టిషన్ పట్టిక) 2 టీబీ దాటి చూడలేదు కాబట్టి జీపీటీ (కొత్త రకం పట్టిక) ఎలాగూ ఉండాల్సిందే, అందులో వాదన లేదు. నా సందేహమల్లా బూట్ గురించే. లెగసీలోనే ఉండి, గ్రబ్ కోసం 1 ఎంబీ బయాస్ బూట్ పార్టిషన్ ఇస్తే సరిపోతుందా? యూఈఎఫ్ఐకి మారిస్తేనేమో బూట్ మెనూలో రెయిడ్ కార్డే మాయం! కార్డులో లెగసీ ఆప్షన్ రోమ్ (బూట్ వేళ కార్డును నడిపే, కార్డులోనే ఉండే కోడ్) మాత్రమే ఉందేమో. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో దారికొస్తుందా?

లేదంటే అదే అర్రే (కలిపిన డిస్కుల సముదాయం)లోంచి 100 జీబీ వర్చువల్ డిస్క్ విడదీసి ఓఎస్ దానిమీద పెడదామని ఉంది. నా మొగ్గు ఇటే. విడిగా రెండు ఎస్‌ఎస్‌డీలు కొనమని మాత్రం అనకండి, ఖర్చు మాటెత్తితే మా సార్ మొహం మాడ్చుకుంటారు.

డేటా ఇంకా ఎక్కించలేదు, అర్రే చెరిపి మళ్లీ కట్టినా ఇబ్బంది లేదు. ఇలాంటి సెటప్ నడిపినవాళ్లు కాస్త చెప్పండి.