మొటిమల మొహానికి ముల్తానీ మట్టి వేయొచ్చా?

అక్కలూ, నాకు 22, ఆయిలీ స్కిన్, గడ్డం చుట్టూ ఒకటే మొటిమలు. అమ్మ చెప్పిందని వారానికి నాలుగుసార్లు ముల్తానీ మట్టిలో నిమ్మరసం కలిపి పెడుతున్నా, అది పగుళ్ళిచ్చేదాకా ఫ్యాన్ కింద కూర్చుంటా, కడిగాక మొహం చుర్రుమంటుంది, సాయంత్రానికి మళ్ళీ జిడ్డే. మాయిశ్చరైజర్ రాస్తే ఇంకా పెరుగుతాయేమోనని భయం.

జవాబు 1: ముందు ఆ నిమ్మకాయ పక్కన పెట్టు తల్లీ, పప్పులోకి పనికొస్తుంది. మట్టి వారానికి ఒక్కసారి చాలు, మామూలు నీళ్ళతోనే, 10 నిమిషాలుంచి ఇంకా కాస్త తడి ఉండగానే కడిగేయ్.

జవాబు 2: మాయిశ్చరైజర్ మాత్రం మానకు. నాన్ కామెడోజెనిక్ (అంటే చర్మరంధ్రాల్ని మూసెయ్యనిది) అని రాసున్న జెల్ టైపు తీసుకో, సెరమైడ్స్ (చర్మంలో తేమ నిలిపే కొవ్వులు) గానీ నయాసినమైడ్ (ఒక రకం విటమిన్ బి3) గానీ ఉంటే మంచిది, మొహం తుడుచుకున్న వెంటనే కొంచెం రాయి. నేనైతే కొబ్బరినూనె రాసి నుదురంతా పొక్కులు తెచ్చుకున్నా.

జవాబు 3: తెల్లబడే క్రీములు అడిగి కొనకు, కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది, రాసినన్నాళ్ళు బానే ఉండి ఆపగానే మొహమంతా మొటిమలు ఎగదన్నుతాయి. రెండు నెలలకీ తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపించు.

థాంక్స్ అక్కా, నిమ్మకాయలు అమ్మకిచ్చేశా, అలిగింది.