డెస్క్‌టాప్ గడియారం రోజూ వెనక్కి పోతోంది: సెల్ మార్చాలా, సెట్టింగ్ మార్చాలా?

మలక్‌పేట_డెస్క్‌టాప్:
అసెంబుల్డ్ పీసీ. విండోస్ 10, ఉబుంటు (లినక్స్) రెండూ ఉన్నాయి. రాత్రి స్విచ్‌బోర్డ్ దగ్గర ఆపేస్తే పొద్దున 2018 జనవరి 1 చూపిస్తోంది, ఏ సైటూ తెరుచుకోదు. మెయిన్స్ ఆపకపోతే తేదీ సరిగ్గానే ఉంటుంది గానీ, ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక. తేదీ 2018కి పోయినప్పుడు, ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసే ‘సింక్ నౌ’ నొక్కినా ఎర్రరే. షాపులో విండోస్ మళ్లీ ఎక్కించమంటున్నారు. అవసరమా?

స్క్రూడ్రైవర్:
అక్కర్లేదండి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మెయిన్స్ ఆపితేనే తేదీ పోతోందంటే మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. కరెంటు ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై డబ్బా) స్టాండ్‌బై సప్లైతో గడియారం నడుస్తుంది, అది ఆగాక సెల్లే దిక్కు.

ముందు బయోస్ (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్) పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సెల్ తీస్తే సెట్టింగ్స్ డిఫాల్ట్‌కి పోతాయి. శాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) మారిందంటే విండోస్ బూట్ కాకపోవచ్చు, అప్పుడు నిజంగానే ఫార్మాట్ అంటారు. పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టండి. క్లిప్‌ని పక్కకి నెడితే సెల్ పైకి లేస్తుంది. మల్టీమీటర్‌లో కొత్తది 3 వోల్టులు దాటి చూపిస్తుంది, 2.7 కంటే తగ్గితే మార్చేయండి. ప్లస్ గుర్తు పైకి. సీఆర్2025 అంటగడితే తీసుకోవద్దు: వెడల్పు అదే 20 మి.మీ., మందం మాత్రం 3.2కి బదులు 2.5, కాంటాక్ట్ లూజవుతుంది. కోఠిలోనో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనో సీల్ ఉన్న బ్రాండెడ్‌ది అడగండి.

కొత్త సెల్ కూడా నెలల్లోనే పోతే క్లియర్ సీమాస్ జంపర్ (బయోస్ సెట్టింగ్స్ చెరిపేందుకు బోర్డు మీద ఉండే చిన్న క్లిప్పు) ఏ పిన్నుల మీద ఉందో చూడాలి.

పెంగ్విన్_బాబాయ్:
ఐదున్నర గంటల సంగతి. ఉబుంటు బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌కి సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 ఇవ్వండి. హెచ్చరిక చూపిస్తుంది, కంగారొద్దు: ఆ భయం ఎక్కువగా వేసవికి గడియారం మార్చే దేశాలకే, మనకా గొడవ లేదు. లేదంటే విండోస్ రిజిస్ట్రీలో టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ కింద రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ పేరుతో డీవర్డ్ (ఒక రకం ఎంట్రీ) చేసి 1 పెట్టండి. రెండిట్లో ఒక్కటే! రెండూ చేస్తే విండోస్ ఈసారి ఐదున్నర గంటలు ముందుకి పోతుంది.

మలక్‌పేట_డెస్క్‌టాప్:
సెల్ 2.3 ఉంది, మార్చాను. ఉబుంటు కమాండ్ కూడా ఇచ్చాను. ఇప్పుడు సింక్ అవుతోంది. ఇంతకుముందు ఎందుకు కాలేదు?

స్క్రూడ్రైవర్:
తేడా 15 గంటలు దాటితే విండోస్ టైమ్ సర్వీస్ డిఫాల్ట్‌గా సరిచేయదు. అంత తేడా ఉన్నప్పుడు తేదీ, టైమ్ ముందు చేత్తో పెట్టి, తర్వాత సింక్ నొక్కాలి. సైట్లు తెరుచుకోకపోవడమూ అందుకే: 2018లో ఉన్న పీసీ లెక్కలో, సైట్లు తమ గుర్తింపుగా చూపే ఇప్పటి సర్టిఫికెట్ల గడువు ఇంకా మొదలే కాలేదు.