ఘాట్ అనాలా, రేవు అనాలా?

ఈస్టిండియా కంపెనీ కాలంలో దొరలు సరదాగా వేసిన నీటిరంగుల బొమ్మల మీద, వాళ్లని ‘ఔత్సాహిక చిత్రకారులు’ అంటూ, ఒక వ్యాసం రాస్తూ సర్ చార్ల్స్ డాయిలీ దగ్గర ఆగిపోయాను. పాట్నాలో కంపెనీ నల్లమందు వ్యవహారం చూసిన అధికారి ఆయన. బొమ్మలు ఆయనకి ఉద్యోగం కాదు, పిచ్చి. ఢాకాలో ఉండగా చిత్రకారుడు జార్జ్ చిన్నరీ దగ్గర నేర్చుకున్నాడు. 1824లో పాట్నాలో తనలాంటి వాళ్లని పోగేసి సంఘం పెట్టాడు, తర్వాత బొమ్మలు అచ్చువేయడానికి రాతి అచ్చు (లిథోగ్రఫీ) కూడా పెట్టించాడు. ఇలాంటి గంగ ఒడ్డు బొమ్మల పేర్లలో తరచుగా ‘ఘాట్’ ఉంటుంది. తెలుగులో రేవు అనేయవచ్చా? అడిగితే తలా ఒక మాట అన్నారు.

— రేవే! రాజమండ్రిలో కోటిలింగాల రేవు అనే కదండీ అంటాం. బోర్డుల మీదే అది ఘాట్ అయింది.

— రేవు అంటే నాకు చాకిరేవే కళ్లకి కడుతుంది. బండ, గాడిద, బట్టల మూట. కాశీ మెట్లు కనబడవు.

— సంస్కృతంలో ‘ఘట్టం’ ఉందిగా, మూలం కూడా అదే. అదే వాడండి.

— మూలం సరే మాస్టారూ, ‘పాట్నా ఘట్టం’ అని రాస్తే చదివేవాడు అక్కడేం జరిగిందని అడుగుతాడు! ఘాట్ అని వదిలేసినా చిక్కే, మనవాళ్లలో సగం మందికి తిరుమల ఘాట్ రోడ్డు గుర్తొస్తుంది.

— ఒక మాట. రేవుకి మెట్లు అక్కర్లేదు. మనుషులు నీళ్లలోకి దిగే చోటు, పడవ ఆగే చోటు, ఏదైనా రేవే. ఘాట్ అంటే మాత్రం రాతికట్టు ఉండాలనిపిస్తుంది.

ఈ చివరి మాట నాకు పనికొచ్చింది. జేమ్స్ ప్రిన్సెప్ 1820 నుంచి పదేళ్లు బెనారస్ టంకశాలలో పనిచేశాడు (తర్వాత బ్రాహ్మీ లిపిని చదివింది ఈయనే). ఆయన కాశీ బొమ్మల్లో గోడలూ మెట్లూ లెక్కగా నిలబడతాయి. అక్కడ ఘాట్ ఉంచేస్తాను. పడవలూ బురద గట్టూ ఉన్న బొమ్మలకి రేవు.

— మరి ‘ఔత్సాహిక చిత్రకారులు’ అంటున్నారే, అందరికీ నప్పుతుందా? కంపెనీ సైనికాధికారులకి ఇంగ్లండులోని ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో బొమ్మలు గీయడం ఒక పాఠం. ఫోటోలు లేని రోజులు. కోట, వాగు, వంతెన గీసి చూపించాలి. ఆ చెయ్యే సాయంత్రం నది ఒడ్డున రంగులు వేసింది.

నిజమే, సైన్యం వాళ్ల దగ్గర ఆ మాట తీసేస్తాను. అన్నట్టు, ‘దశాశ్వమేధ రేవు’ అని కూడా రాసి చూశాను. నోరు తిరగలేదు.